అమ్యూజ్‌మెంట్ పార్కుల పని అయిపోయిందా, రూపం మారుతోందా? అందరూ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

సూటిగా చెప్పండి, పార్కుల పని అయిపోయినట్టేనా?

లేదండి. కానీ మనం చిన్నప్పుడు చూసిన రకం పార్కు ఉంది చూశారూ, సిటీ బస్సు దిగి నడుచుకుంటూ వెళ్ళి గేటు దగ్గర చిన్న టికెట్టు కొనుక్కుని, లోపల ఏ రైడ్ ఎక్కాలంటే దానికి వేరే కూపన్ తీసుకునే రకం, అది మాత్రం చాలా ఊళ్ళలో పోయింది, మిగిలినవి కూడా ఒక్కోటీ పోతున్నాయి. వాటి బదులు రింగు రోడ్డు అవతల యాభై అరవై ఎకరాల్లో, మనిషికి వెయ్యి పైన టికెట్‌తో, పొద్దున వెళ్తే సాయంత్రం దాకా అక్కడే ఉండే పార్కులు వస్తున్నాయి. పెట్టుబడి పెట్టేవాళ్ళు ఉన్నారు, జనం కూడా వెళ్తున్నారు, కాబట్టి ఇండస్ట్రీ చచ్చిపోతోంది అనడానికి లేదు. నా బాధ ఎక్కడంటే, ఎవరు వెళ్ళగలుగుతున్నారు అన్నది మారిపోయింది. ఈ కింద రాసిందంతా తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది.

మరి అప్పూ ఘర్, ఎస్సెల్ వరల్డ్ లాంటి పేరున్నవే మూతపడ్డాయి కదా?

పడ్డాయి. కానీ ఎందుకు పడ్డాయో చూడండి. ఢిల్లీ అప్పూ ఘర్ 1984లో ప్రగతి మైదాన్‌లో మొదలైంది, 1982 ఏషియన్ గేమ్స్ ఏనుగు పిల్ల అప్పు పేరు పెట్టారు. 2008 ఫిబ్రవరిలో మూసేశారు. జనం రాక కాదు, ఆఖరి రోజుల్లో కూడా కుటుంబాలు వచ్చి చూసి వెళ్ళాయి. ఆ స్థలం సుప్రీంకోర్టు విస్తరణకి కావాల్సి వచ్చింది, అంతే. ఢిల్లీ నడిబొడ్డున ఆ జాగాలో రంగులరాట్నం తిరగడం ఎవరికైనా ఎక్కువే అనిపిస్తుంది, 1984లో అనిపించలేదు, 2008కి అనిపించింది.

ఎస్సెల్ వరల్డ్ 1989లో ముంబై గోరాయ్‌లో వచ్చింది, ఫెర్రీ ఎక్కి క్రీక్ దాటి వెళ్ళాలి. మన దగ్గర దూరదర్శన్ చూసి పెరిగిన వాళ్ళందరికీ దాని యాడ్ పాట వచ్చు, పార్కు మొహం చూడకపోయినా సరే. కోవిడ్ దెబ్బకి అది మళ్ళీ లేవలేదు. పక్కనే వాళ్ళదే వాటర్ కింగ్‌డమ్ మాత్రం నడుస్తూనే ఉంది. ఒకే యాజమాన్యం, ఒకే ఫెర్రీ, ఒకటి పోయింది ఒకటి నిలబడింది, ఎందుకో కింద వాటర్ పార్కుల ప్రశ్నలో చెప్తాను.

పార్కు మామూలుగా ఊరి చివర పుడుతుంది, ఎందుకంటే అక్కడే నేల చవక. పాతికేళ్ళకో ముప్ఫై ఏళ్ళకో ఊరు పెరిగి దాని దగ్గరికి వచ్చేస్తుంది. అప్పుడు ఆ నేల మీద రైడ్లు తిప్పడం కన్నా అపార్ట్‌మెంట్లు కట్టడమే లాభం అని ఓనరుకో ప్రభుత్వానికో అనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొందామని తిరిగిన వాళ్ళెవరికీ ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

అమెరికాలో కూడా ఇదే కథా?

ఇదే, ఇంకా పాతది. న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో 1884లో లామార్కస్ థాంప్సన్ అనే ఆయన ఐదు సెంట్లకి ఒక చిన్న రోలర్ కోస్టర్ పెట్టాడు. తర్వాత స్టీపుల్‌చేజ్, లూనా పార్క్, డ్రీమ్‌ల్యాండ్ అని మూడు పెద్ద పార్కులు అక్కడే వచ్చాయి. డ్రీమ్‌ల్యాండ్ 1911లో తగలబడిపోయింది. స్టీపుల్‌చేజ్ 1964లో మూతపడితే ఆ స్థలం కొన్నది ఫ్రెడ్ ట్రంప్, ఇప్పటి అధ్యక్షుడి నాన్న, అపార్ట్‌మెంట్లు కట్టడానికి పార్కుని కూలగొట్టించాడు, తీరా కట్టడానికి పర్మిషనే రాలేదు. అదే కోనీ ఐలాండ్‌లో 1927 నాటి సైక్లోన్ అనే చెక్క కోస్టర్ ఇప్పటికీ నడుస్తోంది.

అంతకన్నా నాకు ఇష్టమైన విషయం ట్రాలీ పార్కులు. అప్పట్లో ట్రామ్ కంపెనీలకి శని ఆదివారాల్లో జనం ఎక్కేవాళ్ళు కాదు, అందుకని లైన్ చివరి స్టాపులో ఒక పార్కు కట్టేవాళ్ళు, అలాంటివి దేశమంతా వందల్లో ఉండేవి. కార్లు వచ్చాక, 1930ల ఆర్థిక మాంద్యం దెబ్బకి చాలా మటుకు పోయాయి. అప్పుడూ అందరూ పార్కుల పని అయిపోయిందనే అన్నారు. 1955లో డిస్నీల్యాండ్ వచ్చింది, ఆటకి కథ జోడించింది, కారు వేసుకుని ఫ్యామిలీ అంతా వెళ్ళే చోటు అయింది, మొత్తం లెక్కే మారిపోయింది.

ఇప్పుడు కూడా పాతవి మూతపడటం, కొత్తవి రావడం రెండూ పక్కపక్కనే జరుగుతున్నాయి. సిక్స్ ఫ్లాగ్స్, సెడార్ ఫెయిర్ అనే రెండు పెద్ద పార్కుల కంపెనీలు 2024 జులైలో కలిసిపోయాయి, కలిశాక మేరీల్యాండ్‌లో ఉన్న సిక్స్ ఫ్లాగ్స్ అమెరికాని 2025 నవంబర్‌లో మూసేశారు. న్యూజెర్సీలో మనవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళే గ్రేట్ అడ్వెంచర్‌లో 456 అడుగుల కింగ్డా కా కోస్టర్‌ని 2025 ఫిబ్రవరిలో పేల్చి పడగొట్టారు. శాంతాక్లారాలో కాలిఫోర్నియాస్ గ్రేట్ అమెరికా కింద ఉన్న నేలని 2022లో 310 మిలియన్ డాలర్లకి ఒక గోడౌన్ల కంపెనీకి అమ్మేశారు, లీజు అయిపోగానే పార్కు ఉండదు. సిలికాన్ వ్యాలీలో ఉన్న మన తెలుగు వాళ్ళు ఆఫీసుకి వెళ్తూ రోజూ చూసే పార్కు అది. మరోపక్క 2025 మేలో ఒర్లాండోలో యూనివర్సల్ వాళ్ళు ఎపిక్ యూనివర్స్ అని కొత్త పార్కే తెరిచారు, డిస్నీ అయితే పదేళ్ళలో 60 బిలియన్ డాలర్లు పార్కులు, క్రూయిజ్‌ల మీద పెడతాం అని 2023లోనే చెప్పింది. పెద్దవి ఇంకా పెద్దవి అవుతున్నాయి, మధ్యలో ఉన్నవి నలిగిపోతున్నాయి.

టికెట్ అంత ఎందుకు? నలుగురం వెళ్తే జేబు ఖాళీ అవుతోంది.

నిజమే, ఇద్దరు పెద్దవాళ్ళు ఇద్దరు పిల్లలు వెళ్తే టికెట్లు, తిండి, లాకరు, పెట్రోలు, అన్నీ కలిపి ఎంతవుతుందో అందరికీ తెలుసు. ఓనర్ వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. పార్కులో ఖర్చు జనం వచ్చినా రాకపోయినా ఒకటే. కరెంటు, జీతాలు, రైడ్ల మెయింటెనెన్స్, నీళ్ళ ఫిల్టరింగ్, అప్పు మీద వడ్డీ, మంగళవారం రెండొందల మంది వచ్చినా ఇవి ఆగవు. వచ్చే ఆదాయం మాత్రం ఎండాకాలం సెలవుల్లో, దసరా సంక్రాంతి సెలవుల్లో, వీకెండ్లలో ముద్దగా వస్తుంది. వానాకాలం సగం ఖాళీ. అందుకే ఖాళీ రోజులు నింపడానికి స్కూల్ గ్రూపులు, కాలేజీ ఆఫర్లు పెడతారు, నవంబర్ నుంచి జనవరి దాకా పసుపు బస్సులు వరసగా కనపడేది అందుకే. 2020, 2021 రెండు ఎండాకాలాలూ కోవిడ్‌లో పోయాయంటే పార్కులకి అది రెండేళ్ళ పంట పోయినట్టు.

పన్ను సంగతి కూడా ఉంది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు పార్కుల టికెట్ మీద 28 శాతం వేశారు, గోల చేస్తే 2018 జనవరిలో 18కి తగ్గించారు. పిల్లలు ఆడుకునే చోటుని లగ్జరీ లెక్కలో పెట్టడం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు.

ఒకే టికెట్‌తో అన్నీ ఎక్కే పద్ధతి బాగానే ఉంటుంది, రోజంతా ఉండగలిగేవాళ్ళకి. డిస్నీల్యాండ్‌లోనే 1982 దాకా రైడ్‌కి ఇంత అని టికెట్ పుస్తకాలు ఉండేవి, తర్వాత అవి పోయాయి. కూపన్ పద్ధతిలో ఉన్న మంచి ఏంటంటే, డబ్బుల్లేనివాడు కూడా లోపలికి వచ్చి ఒక్క జెయింట్ వీల్ ఎక్కి మిగతావి చూస్తూ తిరిగి సంతోషంగా ఇంటికి పోయేవాడు. మనవరాలిని తీసుకొచ్చిన తాతయ్య రైడ్ ఎక్కకుండా బెంచీ మీద కూర్చుంటే ఆయనకి ఫుల్ టికెట్ అక్కర్లేదు. ఇప్పుడు ఆయన కూడా టికెట్ కొనాల్సిందే, సీనియర్ సిటిజన్ తగ్గింపు ఇస్తే ఇస్తారు.

ఫాస్ట్‌ట్రాక్ టికెట్ మంచిదేనా?

మీ సౌకర్యానికి మంచిదే. నాకు నచ్చదు. డిస్నీ 1999లో పెద్ద లైను తప్పించే ఫాస్ట్‌పాస్ మొదలుపెట్టినప్పుడు అది ఫ్రీ, అందరికీ ఒకటే, 2021 నుంచి డబ్బులు కట్టాలి. మన దగ్గర కూడా ఇంచుమించు డబుల్ రేటు పెడితే పక్క లైన్లో నుంచి ముందుకి పంపిస్తారు. మే నెల ఆదివారం గంటంబావు నుంచి లైన్లో నిలబడ్డాక మా అమ్మాయి, ఏడేళ్ళు అప్పుడు, "నాన్నా, వాళ్ళు ఇప్పుడే వచ్చారు కదా, ముందు ఎలా వెళ్ళారు?" అని అడిగింది. ఎక్కువ డబ్బులు కట్టారమ్మా అన్నాను. "మరి మనం కట్టలేదా?" అంది. హైదరాబాద్ నాంపల్లిలో ఏటా పెట్టే ఎగ్జిబిషన్, నుమాయిష్‌లో కలెక్టర్ కొడుకైనా ఆటో డ్రైవర్ కొడుకైనా జెయింట్ వీల్ లైన్ ఒక్కటే, ఆ రోజు అదే గుర్తొచ్చింది.

వండర్‌లా ఎలా నిలబడింది? మిగతావాళ్ళు ఎందుకు నిలబడలేదు?

వండర్‌లా పార్కుల్లో మొదటిది 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరుతో మొదలుపెట్టారు, వీ-గార్డ్ స్టెబిలైజర్ల కొచౌసెఫ్ చిట్టిలపిల్లి గారిది. తర్వాత 2005లో బెంగళూరు దగ్గర బిడది, 2016 ఏప్రిల్‌లో మన హైదరాబాద్ రావిర్యాల, 2024లో భువనేశ్వర్, 2025 డిసెంబర్‌లో చెన్నై. ఇరవై అయిదేళ్ళలో అయిదు. తొందరపడలేదు, అదే మొదటి కారణం. ఒకటి నిలదొక్కుకున్నాకే ఇంకోటి, అప్పులు తక్కువ, నేల ముందే కొనిపెట్టుకోవడం, కొన్ని రైడ్లు సొంత వర్క్‌షాప్‌లోనే తయారు చేసుకోవడం. అన్నిటికన్నా ముఖ్యం, వాటర్ రైడ్లూ, నీళ్ళతో పనిలేని డ్రై రైడ్లూ ఒకే టికెట్‌లో పెట్టడం.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఇమాజికా. 2013లో ముంబై పుణె మధ్య ఖోపోలిలో మన్మోహన్ శెట్టి గారు కట్టారు, పెద్ద కల అది, నైట్రో అనే కోస్టర్ చూస్తే ఇది ఇండియానేనా అనిపించేది. కానీ కట్టిందే భారీ అప్పుతో, అనుకున్నంత జనం రాలేదు, వడ్డీలు కట్టలేక 2022లో పార్కు మల్పానీ గ్రూప్ చేతికి వెళ్ళింది. పార్కు మాత్రం నడుస్తోంది. అంటే ఓడిపోయింది పార్కు కాదు, అప్పు లెక్క. ఇండస్ట్రీ మునిగింది అని వార్త వచ్చినప్పుడల్లా నేను ముందు చూసేది అప్పు ఎంత, నేల ఎవరిది అన్న రెండే.

పిల్లలు ఫోన్లకి అతుక్కుపోయారు, ఇంక రైడ్లు ఎవరికి కావాలి?

ఈ మాట నేను నమ్మను. ఫోన్ ఎంత ఆడినా కడుపులో గుండ్రంగా తిరిగే ఆ ఫీలింగ్ ఇవ్వదు. వండర్‌లాలో రికాయిల్ కోస్టర్ ఎక్కండి, పైకి వెనక్కి లాక్కెళ్ళి వదిలేస్తుంది, లూపులు తిరిగి అవతలి కొండ ఎక్కి ఒక్క క్షణం ఆగుతుంది, ఇంక అయిపోయింది అనుకునేలోపు అదే దారిలో వెనక్కి పడుతుంది, అప్పుడు పక్కన ఎవరున్నా సరే చెయ్యి పట్టేసుకుంటాం. ఇంటర్ పిల్లలు దిగాక కాళ్ళు వణుకుతూ నవ్వుతారు చూడండి, ఆ నవ్వు వేరు. పైగా ఫోన్ ఇప్పుడు పార్కుకే పనికొస్తోంది, ఒకళ్ళు రీల్ పెడితే పదిమంది బయల్దేరుతున్నారు.

వాటర్ పార్కులే ఎక్కువ ఎందుకు?

ఎండలు. ఇంకో మాటే లేదు. నలభై రెండు డిగ్రీల్లో ఇనప సీటులో కూర్చుని తిరగమంటే ఎవరికీ మనసు రాదు, వేవ్ పూల్ అంటే అందరూ దిగుతారు. దిగుమతి చేసుకునే పెద్ద కోస్టర్ ఒక్కటీ కోట్లలో ఉంటుంది, స్లైడ్లు దానితో పోలిస్తే చవక, రైన్ డాన్స్ అయితే పైపులూ స్పీకర్లూ ఉంటే చాలు. అందుకే జిల్లా కేంద్రాల చుట్టూ కూడా చిన్న వాటర్ పార్కులు వెలుస్తున్నాయి. ఎస్సెల్ వరల్డ్ పోయి వాటర్ కింగ్‌డమ్ మిగలడం వెనక కూడా ఇదే ఉందని నా అంచనా. వెళ్ళేముందు ఒకటి గుర్తుంచుకోండి, కాటన్ బట్టలతో నీళ్ళలోకి దిగనివ్వరు, నైలాన్ ఉండాలి. ఇంటి దగ్గరే సర్దుకుంటే అక్కడ అద్దె బట్టల కౌంటర్ దగ్గర అమ్మమ్మలు ఇబ్బంది పడే పరిస్థితి రాదు.

మాల్‌లో గేమ్ జోన్లు, ట్రాంపోలిన్ పార్కులు కూడా ఇందులోకే వస్తాయా?

వస్తాయి, నిజానికి సిటీ లోపల పోయిన పార్కుల జాగాని తీసుకున్నవి ఇవే. గంటకి ఇంత, ఏసీ, పార్కింగ్, కింద సినిమా, పైన తిండి. కానీ భయం కూడా ఇక్కడే ఎక్కువ. 2024 మే 25న రాజ్‌కోట్‌లో గేమ్ జోన్ తగలబడి 27 మంది చనిపోయారు, అందులో చిన్న పిల్లలున్నారు, ఫైర్ డిపార్ట్‌మెంట్ అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌ఓసీ కూడా లేదు దానికి. రేకుల షెడ్డు వేసి, లోపల ఫోమూ రబ్బరు టైర్లూ నింపి, ఒక్క మెట్ల దారి పెడితే దాన్ని పార్కు అనకూడదు. లోపలికి వెళ్ళగానే బయటికి ఎన్ని దారులున్నాయో చూడండి. ఒక్కటే ఉంటే, పిల్లలు ఏడ్చినా సరే వెనక్కి వచ్చేయండి.

నుమాయిష్, జాతర్లలో రైడ్లు కూడా పోతాయా?

ఇవి పోకూడదని నేను గట్టిగా కోరుకునే వాణ్ణి. నాంపల్లి నుమాయిష్ 1938 నుంచి ఉంది, జనవరి 1 నుంచి నెలన్నర. స్వెట్టర్లు, డ్రై ఫ్రూట్స్, మిర్చి బజ్జీ, హలీం, ఆ చివర వెలుగుతూ తిరిగే చక్రం. 2019లో అగ్నిప్రమాదం చూసింది, కోవిడ్‌లో 2021 మొత్తం లేకుండా పోయింది, అయినా మళ్ళీ వచ్చింది. స్థలం దాన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ చేతిలో ఉండి, ఏటా అదే చోట జరగడం దానికి పెద్ద బలం.

జెయింట్ వీల్ దగ్గర నిలబడి ఆపరేటర్‌ని ఎప్పుడైనా గమనించారా? వరసగా నింపడు. ఒక తొట్టిలో నలుగురిని ఎక్కించి సగం తిప్పి, సరిగ్గా ఎదురుగా ఉన్న తొట్టి కిందికి వచ్చాక అందులో ఎక్కిస్తాడు, మళ్ళీ పావు తిప్పుతాడు. లావుగా ఉన్న ఫ్యామిలీ ఎక్కితే వాళ్ళకి ఎదురు తొట్టిలోకి కాలేజీ కుర్రాళ్ళని ఐదుగురిని పిలుస్తాడు. కాగితం లేదు, లెక్క లేదు, కంటితోనే తూకం. పోయిన ఏడు నేను చూసిన ఆయనకి అరవై దాటి ఉంటాయి, చెవి మోటార్ వైపు పెట్టి వింటూ ఉన్నాడు, శబ్దం మారితే తెలుస్తుంది బాబూ అన్నాడు. చెక్క బావి గోడల మీద బండి తిప్పే మౌత్ కా కువా అయితే ఇంకా, బండి పైకి ఎక్కినప్పుడు మనం ఆనుకున్న చెక్కలు ఛాతీ దాకా అదురుతాయి, బండి మీద ఉన్నోడు చెయ్యి వదిలేసి జనం చాపిన పది రూపాయల నోటు లాక్కుపోతాడు.

ఈ కుటుంబాలు ఊరూరా తిరిగే వాళ్ళు, జాతర నుంచి జాతరకి, ఎగ్జిబిషన్ నుంచి ఎగ్జిబిషన్‌కి లారీల్లో చక్రాన్ని విప్పి మోసుకుపోతారు. వీళ్ళకి బ్యాంకు లోన్ ఇచ్చేవాళ్ళు లేరు, ఇన్సూరెన్స్ ఖరీదు. వీళ్ళు పోతే మాత్రం నిజంగానే ఒక ఇండస్ట్రీ పోయిందని నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే వెయ్యి రూపాయల టికెట్ కొనలేని ఇంటికి రైడ్ అంటే వీళ్ళే.

ఆంధ్రలో పెద్ద పార్కు ఎందుకు లేదు?

విజయవాడ గుంటూరు మధ్య చినకాకాని దగ్గర హాయ్‌ల్యాండ్ ఉంది, బౌద్ధ శిల్పాల థీమ్, ఒకప్పుడు స్కూల్ పిల్లలందరూ వెళ్ళినదే. అది జనం దగ్గర డిపాజిట్లు తీసుకున్న అగ్రిగోల్డ్ కంపెనీ ఆస్తి, ఆ డిపాజిట్ల కేసులో అన్నిటితో పాటు అదీ జప్తుల్లో చిక్కుకుంది. రైడ్ల తప్పు ఇక్కడ కూడా ఏమీ లేదు. వైజాగ్‌కి కైలాసగిరి ఉంది, రోప్‌వే, టాయ్ ట్రైన్, కింద సముద్రం, అది పార్కు కన్నా కొండ మీద షికారు. వైజాగ్ లాంటి ఊళ్ళో, టూరిస్టులు అంతమంది వచ్చే చోట, ఒక మంచి ఫుల్ సైజు పార్కు నిలబడుతుందనే నా నమ్మకం.

రామోజీ ఫిల్మ్ సిటీ పార్కు కిందకి వస్తుందా?

1996లో స్టూడియోగా మొదలైంది, ప్రపంచంలో అతి పెద్ద ఫిల్మ్ స్టూడియో అని గిన్నిస్ రికార్డ్. కానీ వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది టికెట్ కొన్న ఫ్యామిలీలే, బస్సులో సెట్లు చూస్తారు, షోలు చూస్తారు, రైడ్లు ఎక్కుతారు. హాలీవుడ్ యూనివర్సల్ వాళ్ళదీ స్టూడియో టూర్ కథే కదా. రెండు ఆదాయాలు ఉన్న చోటు కాబట్టి ఒకటి తగ్గినా ఇంకోటి మోస్తుంది.

వండర్‌లా ఉన్న రావిర్యాల కూడా ఒకరోజు ఊళ్ళో కలిసిపోతుంది కదా, అప్పుడు?

ఈ ప్రశ్న అడిగినందుకు థాంక్స్, నేను కూడా దీని గురించే ఆలోచిస్తుంటాను. 2016లో ఔటర్ రింగ్ రోడ్డు దిగాక బోర్డులు తప్ప ఏమీ కనపడేవి కాదు, ఇప్పుడు ఆదిభట్ల అటు, ప్రభుత్వం చెప్తున్న ఫ్యూచర్ సిటీ మాట ఇటు, వెంచర్ల జెండాలు రోడ్డు పొడుగునా. నేల సొంతమైతే కొంత ధీమా, రోజూ పెరిగే రేటు కొంత ప్రలోభం. మెట్రోనో, మంచి బస్సో అక్కడి దాకా వస్తే మాత్రం కారు లేనివాళ్ళు కూడా వెళ్ళగలుగుతారు, టికెట్ సంగతి తర్వాత, ముందు చేరుకోవాలి కదా.

సేఫ్టీ ఎలా చూసుకోవాలి?

మంచి పార్కుల్లో పొద్దున గేటు తీసేముందు ప్రతి రైడ్‌నీ ఖాళీగా తిప్పి చూస్తారు. ఒకసారి స్కూల్ పిల్లలతో తొందరగా వెళ్ళి పార్కింగ్‌లో కూర్చుంటే కనపడింది, మనుషుల్లేని కోస్టర్ రైలు మూడుసార్లు తిరిగింది, ఇద్దరు కుర్రాళ్ళు ట్రాక్ కింద నడుస్తూ తలెత్తి వింటున్నారు. ఇంకోచోట, పేరు చెప్పను, మా తమ్ముడి సీటు లాక్ సరిగ్గా పడలేదు, ఆపరేటర్ ఏం కాదులే అన్నాడు, మేం దిగేశాం. ఎత్తు కొలిచే బోర్డు దగ్గర పర్లేదులే అని పిల్లల్ని వదిలేస్తుంటే, బార్ ఒక్కొక్కరిదీ లాగి చూడకపోతే, ఆ రైడ్ ఎక్కకండి. అండర్ మెయింటెనెన్స్ బోర్డు చూసి మాత్రం తిట్టుకోవద్దు, అక్కడ ఎవరో తమ పని సరిగ్గా చేస్తున్నారు.

ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

వానాకాలం మొదలై స్కూళ్ళు తెరిచాక, జులై ఆగస్టుల్లో ఏదో ఒక మంగళ బుధవారం. లైన్లు ఉండవు, ఫాస్ట్‌ట్రాక్ అవసరం రాదు, ముందే ఆన్‌లైన్‌లో కొంటే చాలాసార్లు తగ్గింపు ఉంటుంది. పెద్ద మెరుపులొస్తే రైడ్లు ఆపేస్తారు, కాసేపు షెడ్డులో నిలబడి మొక్కజొన్న కండె తినండి, వాన తగ్గగానే మొదట తెరిచేది రంగులరాట్నమే.